చెన్నైలో తెలుగు టీచర్లకి బాలసాహిత్యం వర్క్‌షాపు: మొదటి రోజుకి డబ్బులివ్వొచ్చు, రెండో రోజు సంగతి ఆలోచించుకోండి

వడపళని దగ్గర ఒక ఇంటి మేడ మీద జరిగే రెండు రోజుల వర్క్‌షాపు గురించి రాస్తున్నాను. తరగతిలో పిల్లల పుస్తకాలు ఎలా చదివించాలి, ఒక కథల పుస్తకం పట్టుకుని నలభై నిమిషాల పీరియడ్ ఎలా నడపాలి అన్నది విషయం, అదీ తెలుగులో, అదీ చెన్నైలో. మా స్కూల్లో జరిగే ట్రైనింగులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, తెలుగు టీచర్లం వెనక బెంచీలో కూర్చుని తలూపి వస్తాం, కాబట్టి ఇలాంటిది ఉందని ఎవరో ఫార్వర్డ్ చేసినప్పుడు రెండోసారి ఆలోచించకుండా డబ్బు కట్టేశాను.

పేరు రాయట్లేదు. నడిపేది ఇద్దరే, ఒక రిటైరైన టీచరమ్మ, ఒక కుర్రాడు. కింద మెచ్చుకున్నదెంత ఉందో సణిగిందీ అంతే ఉంది, పేరు పెట్టి సణగాల్సినంత పెద్ద సంస్థ కాదు వాళ్ళది. చెన్నై తెలుగు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఎవరో ఎలాగూ తెలిసిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పేవాళ్ళయితే కళ్ళు మూసుకుని వెళ్ళండి. ఆరు నుంచి పైన చెప్పేవాళ్ళయితే మొదటి రోజు చాలు. ఎందుకంటే ఈ ఊళ్ళో మనకి ఎదురయ్యే అసలు సమస్య, పన్నెండేళ్ళ బుర్రతో ఆలోచిస్తూ ఆరేళ్ళ పిల్లాడిలా తెలుగు కూడబలుక్కునే పిల్లలు. ఆ పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ వర్క్‌షాపు చేతులెత్తేస్తుంది.

ఫీజు మూడున్నర వేలు, రెండు రోజులకీ కలిపి. భోజనం అందులోనే, సాంబారన్నం, పెరుగన్నం, వడియాలు, మధ్యలో రెండు కాఫీలు, కాఫీ మాత్రం చాలా బాగుంది. మెట్రో దిగి నడిచిపోవచ్చు. మేడ మీద రేకుల షెడ్డు, మధ్యాహ్నం రెండు దాటాక ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతాయి, నూలు బట్టలే కట్టుకెళ్ళండి. అందరం కింద చాపల మీదే కూర్చోవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే చెప్తే కుర్చీ వేస్తారు.

మొదటి రోజంతా టీచరమ్మదే. ఆవిడ వచ్చీ రాగానే పరిచయాలూ ఉపోద్ఘాతాలూ ఏమీ లేకుండా ఒక బొమ్మల పుస్తకం తీసి మాకే చదివి వినిపించింది. ఇరవై మందిమి, అందరం టీచర్లం, చిన్నపిల్లల్లా మెడలు సాచి చూశాం. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకోకుండా భుజం పక్కన, బొమ్మ మావైపు ఉండేలా పట్టుకుంది. అట్ట చూపించి కాసేపు ఊరుకుంది. అట్ట లోపలి కాగితం మీదున్న బొమ్మ కూడా చూపించింది, నేనైతే ఎప్పుడూ దాన్ని దాటేసి మొదటి పేజీకి పోయేదాన్ని. పేజీ తిప్పే ముందు ఒక క్షణం ఆగింది, ఆ ఆగడంలోనే తర్వాత ఏమవుతుందో అని వెనక నుంచి ఎవరో అనేశారు. చదివేటప్పుడు ఒక్క పదానికి కూడా ఆగి అర్థం చెప్పలేదు. ఇక్కడ తెలుగు చెప్పేవాళ్ళకి ఇది చాలా కష్టమైన పని, ఎందుకంటే మనకి ప్రతి వాక్యం తర్వాతా "అంటే తమిళంలో ఏమంటారో తెలుసా" అని ఆగడం అలవాటైపోయింది. ఆవిడ చెప్పింది ఒకటే, తెలియని పదం వస్తే వేలితో బొమ్మ చూపించండి, లేదా ముఖంతో చెప్పండి, అప్పటికీ అర్థం కాకపోతే పోనివ్వండి, కథ ఆగకూడదు. ఒకే పుస్తకాన్ని వారంలో మళ్ళీ మళ్ళీ చదవమంది. మరుసటి వారం అదే పుస్తకాన్ని మా అపార్ట్‌మెంట్ చిన్న బ్యాచిలో చదివినప్పుడు, పిల్లలు నాకంటే ముందే వాక్యం పూర్తి చేయడం మొదలుపెట్టారు. వాళ్ళకి తెలుగు అక్షరాలు రావు, అయినా పుస్తకంలో ఏ పేజీలో ఏ మాట ఉందో వచ్చేసింది.

తర్వాత నీతి గురించి గొడవ. పెరంబూరు నుంచి వచ్చిన ఒకావిడ లేచి, "అంతా బాగుందమ్మా, కానీ పేరెంట్స్ వచ్చి ఈ కథలో నీతి ఏం నేర్పారని అడుగుతారు, ఏం చెప్పమంటారు?" అంది. సగం మంది అవునవును అన్నాం. టీచరమ్మ నవ్వి, "మీరు సినిమా చూసి బయటికి రాగానే గేటు దగ్గర ఎవరైనా నీతి అడిగారా?" అంది. నవ్వులు బాగానే వచ్చాయి గానీ పేరెంట్‌కి ఈ జవాబు చెప్తే ఉద్యోగం ఉంటుందా అని నా పక్కావిడ గొణిగింది. ఆ తర్వాత చెప్పినదే నాకు పనికొచ్చింది. అమెరికాలో లూయీస్ రోజెన్‌బ్లాట్ అనే ఆవిడ 1978లో రాసిన పుస్తకంలో చదవడం రెండు రకాలని చెప్పిందట. బిడ్డ ఏదో విషం మింగితే తల్లి ఆ సీసా మీది లేబుల్ చదువుతుంది చూడండి, అది ఒక రకం, కావలసిన సమాచారం దొరికితే చాలు. కథ, కవిత చదవడం రెండో రకం, చదువుతున్నంతసేపూ లోపల ఏం జరుగుతోందన్నదే అక్కడ ముఖ్యం. మన తెలుగు వాచకాల వెనక ఉండే ప్రశ్నలన్నీ మొదటి రకం చదువుకి పెట్టినవే అని, అక్కడున్న ఒక పాఠం తీసి వరసగా చూపించింది. రాజు పేరేమి, ఏ అడవికి వెళ్ళెను, ఎవరు ఎవరితో అనిరి. కథని మందుసీసా లేబుల్లా చదివిస్తున్నాం అన్నమాట. దీన్ని మేం స్కూల్లో మార్చలేం, పరీక్ష పేపరు అలాగే వస్తుంది, కానీ వారానికి ఒక పీరియడ్ అయినా రెండో రకానికి వదిలేయొచ్చు.

వర్క్‌షాపు మొత్తానికి నాకు బాగా నచ్చిన అరగంట చందమామది. వడపళనిలో కూర్చుని దాని గురించి మాట్లాడకపోతే ఎలా, 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక ఈ పేటలోనే ఏళ్ళ తరబడి అచ్చయింది, 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపాడు. మా తరం వాళ్ళు ఇక్కడ ఎలాగూ కళ్ళు తుడుచుకుంటారు, నాకు ఆ కళ్ళు తుడుచుకోవడం మీద పెద్ద ఆసక్తి లేదు, ఎందుకంటే మా పిల్లలకి చందమామ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ టీచరమ్మ దాన్ని వాడిన తీరు వేరు. బేతాళ కథ ఒకటి జిరాక్స్ తీసి, చివర రాజు చెప్పే జవాబు మీద కాగితం అంటించి ఇచ్చింది. అంతే. బేతాళుడు ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు, అక్కడితో మా కాగితం అయిపోయింది. ఇప్పుడు మీరు చెప్పండి అంది. ఇరవై మంది టీచర్లం పావుగంట సేపు పోట్లాడుకున్నాం, ఇద్దరు తమిళంలోకి దిగిపోయారు. మంచి ప్రశ్నకి జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు, కానీ కథ చదవకుండా దానికి జవాబు చెప్పలేం, ఈ సంగతి ఉపన్యాసం లేకుండా అర్థమైపోయింది.

దీన్నే నేను ఏడో తరగతిలో చేశాను. ఒకడు లేచి, "మిస్, నాకు తెలీదు అని అబద్ధం చెప్పొచ్చు కదా, తెలుసో తెలీదో తలకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఇంకో అమ్మాయి, అసలు రాజు నోరు తెరిస్తే శవం చెట్టెక్కేస్తుందని తెలిసీ ప్రతిసారీ ఎందుకు జవాబు చెప్తాడు, వాడికి గొప్ప చూపించుకోవాలని ఉందా అని అడిగింది. ఇన్నేళ్ళలో నాకు ఈ ఆలోచనే రాలేదు. పీరియడ్ బెల్లు కొట్టినా లేవలేదు వాళ్ళు, మా తెలుగు క్లాసులో ఇలా జరగడం చాలా అరుదు.

ప్రశ్నలు వేయడానికి ఆవిడ ఇచ్చిన పద్ధతి ఇంగ్లండులో రచయితగా, టీచరుగా పనిచేసిన ఎయిడన్ చేంబర్స్‌ది. ఆయన 1990ల్లో రాసిన పుస్తకంలో మొదటగా వేసే ప్రశ్నలు నాలుగే. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఏది అర్థం కాలేదు లేదా వింతగా అనిపించింది, ఒకదానితో ఒకటి కలిసే విషయాలు ఏమైనా కనిపించాయా. ఎందుకు అని మాత్రం వెంటనే అడగొద్దట, ఎందుకు అని అడగ్గానే పిల్లలకి పోలీసు స్టేషన్లో ఉన్నట్టు ఉంటుంది. ఈ నాలుగింటిలో రెండోది మన క్లాసుల్లో మంత్రంలా పనిచేస్తుంది. టీచరు తెచ్చిన కథ నచ్చలేదు అని చెప్పే హక్కు మన పిల్లలకి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. మొదటిసారి అడిగినప్పుడు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు, ఇదేదో పరీక్ష అనుకున్నారు. ఒకడు ధైర్యం చేసి "బోర్ మిస్" అన్నాడు, నేను బోర్డు మీద 'బోర్' అని రాశాను, ఆ తర్వాత చేతులు దింపితే ఒట్టు.

గోడ మీద ఒక పోస్టరు ఉంది, ఫ్రెంచి రచయిత, బడిపంతులు కూడా అయిన డానియెల్ పెనాక్ 1992లో చెప్పిన పాఠకుడి పది హక్కులు, తెలుగులో చేత్తో రాసింది. చదవకుండా ఉండే హక్కుతో మొదలై, చదివాక ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కుతో ముగుస్తుంది. దాని ఫొటో తీసుకుని మా లైబ్రరీలో పెడదామంటే మా కోఆర్డినేటర్ మొదటిది చూసి వద్దంది.

ఇక అక్షరాల గోల. చెన్నై తెలుగు పిల్లల పరిస్థితి బయటివాళ్ళకి అర్థం కాదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి తీసుకెళ్ళారు. దాన్ని నేను తప్పు పట్టను, ఉన్న ఊరి భాష రాకపోతే ఎలా. కానీ దానివల్ల తెలుగు మూడో స్థానానికి వచ్చింది, చాలా చోట్ల అదీ లేదు, శని ఆదివారాల అపార్ట్‌మెంట్ క్లాసులే దిక్కు. పిల్లలు ఇంట్లో నెల్లూరు తెలుగో చిత్తూరు తెలుగో చక్కగా మాట్లాడతారు, అమ్మమ్మతో ఫోన్లో గంటసేపు కబుర్లు చెప్తారు, కాగితం మీద రెండు వరసలు పెడితే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వర్క్‌షాపులో ఇచ్చిన అభ్యాస పత్రాలన్నీ, నాకు నచ్చిన పాత్రకి ఉత్తరం రాయండి, కథకి ఇంకో ముగింపు రాయండి లాంటివే. రాయడం వచ్చిన పిల్లలకి అవి బాగుంటాయి. మాకు రానివాళ్ళే ఎక్కువ. ఈ మాట అడిగితే, "నోటితో చెప్పించండి, మీరు రాయండి" అంది టీచరమ్మ, అది సరైన జవాబే, కానీ ముప్పై మంది ఉన్న క్లాసులో అది ఎలా సాగుతుందో చూపించి ఉంటే బాగుండేది.

రెండు భాషల పుస్తకాల గురించి మాత్రం మంచి చిట్కా దొరికింది. ఈ ఊళ్ళోనే ఉన్న తూలిక వాళ్ళు 1996 నుంచి పిల్లల పుస్తకాలు వేస్తున్నారు, ఇంగ్లీషుతో కలిపి తొమ్మిది భాషల్లో, అందులో తెలుగూ ఉంది. ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉండే పుస్తకాలు వాళ్ళవి బాగా దొరుకుతాయి, బొమ్మలు చూస్తే పెద్దవాళ్ళకే కొనుక్కోవాలనిపిస్తుంది. పిల్లలు సహజంగానే ఇంగ్లీషు చదివేసి తెలుగు వదిలేస్తారు. అందుకని మొదట ఇంగ్లీషు వాక్యాల మీద పసుప్పచ్చ స్టిక్కీ కాగితాలు అంటించి తెలుగు చదివి వినిపించాలి, తర్వాత పిల్లలే కాగితం ఎత్తి తాము అనుకున్నదీ అక్కడున్నదీ ఒకటేనా అని చూసుకుంటారు. రహస్యం విప్పుతున్నట్టు ఉంటుంది వాళ్ళకి. కొంతమంది టీచర్లు రెండు భాషల పుస్తకాలు సోమరితనం నేర్పుతాయని వాదించారు, నేను ఒప్పుకోను, ఇంట్లో తెలుగు చదవడం రాని అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు ఇక్కడ, వాళ్ళు కూడా పిల్లలతో కూర్చోగలిగేది ఈ పుస్తకాలతోనే.

ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైటు కూడా చూపించారు, ఉచితం, తెలుగు కథలు బోలెడు ఉన్నాయి, ప్రొజెక్టర్ మీద వేసుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, లైసెన్సు ఓపెన్ కాబట్టి మనమే తమిళ కథని తెలుగు చేసి పెట్టుకోవచ్చు. ఇది తెలిసినవాళ్ళకి కొత్తేమీ కాదు, తెలియనివాళ్ళకి ఫీజులో సగం ఇక్కడే తిరిగొచ్చేసినట్టు.

అందులో కథలకి ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్స్ ఉంటాయి, చదవడం నేర్చుకునే దశని బట్టి. నా అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది, అది ఆ లెవెల్స్ మీద కాదు, వాటిని మాకు చెప్పిన తీరు మీద. "పిల్లవాడు ఏ లెవెల్లో చదవగలిగితే ఆ పుస్తకం ఇవ్వండి" అని తేలిగ్గా చెప్పేశారు. ఎనిమిదో తరగతి పిల్లాడు, ఇంగ్లీషులో ఐదొందల పేజీల నవలలు మింగేసేవాడు, మీసాలు మొలుస్తున్నవాడు, వాడికి తెలుగు చదవడం మొదటి లెవెల్లో ఉంది కదా అని ఏనుగుపిల్ల తోక పోగొట్టుకున్న కథ ఇస్తే వాడికి అవమానం. మళ్ళీ తెలుగు పుస్తకం ముట్టుకోడు. వాడికి కావలసిన విషయం ఉన్న పుస్తకం ఇస్తే అక్షరాలు కూడబలుక్కోలేడు. మధ్యలో ఏముంది? ఈ ప్రశ్న రెండో రోజుకి వాయిదా వేశారు, "యంగ్ అడల్ట్ సెషన్లో చూద్దాం" అని.

రెండో రోజు ఆ కుర్రాడు వచ్చాడు. మంచివాడే, చాలా చదువుకున్నవాడని కూడా తెలుస్తుంది. కానీ స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. యంగ్ అడల్ట్ అంటే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసం రాసే సాహిత్యం అని, అమెరికాలో 1967లో ఒక టీనేజ్ అమ్మాయి హైస్కూల్లో ఉండగానే రాసిన నవలతో ఇది వేరే విభాగంగా నిలబడిందని, చరిత్ర బాగానే చెప్పాడు. తర్వాత అమెరికా ప్రొఫెసరు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో అన్న అద్దాలు, కిటికీల మాట, అంటే పుస్తకం పిల్లలకి తమ జీవితాన్ని చూపించే అద్దంగానూ, ఇతరుల జీవితాన్ని చూపించే కిటికీగానూ ఉండాలన్నది. పిల్లల పుస్తకాల మీద ఏ వర్క్‌షాపుకి వెళ్ళినా ఈ స్లైడ్ తప్పదు, నాకు ఇప్పటికే కంఠతా వచ్చేసింది. సరే, షోలింగనల్లూరు పదమూడో అంతస్తులో ఉండి, ఇంట్లో కావలి తెలుగు మాట్లాడి, బడిలో తమిళం, స్నేహితులతో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయికి తెలుగులో అద్దం ఏదయ్యా అని అడిగాం. అతను చూపించిన పుస్తకాల అట్టలన్నీ ఇంగ్లీషువే. తెలుగులో చెప్పమంటే కాస్త తడబడి 'రైలు బడి' అన్నాడు, ఆ తర్వాత 'బుడుగు' అన్నాడు.

'రైలు బడి' జపాన్ ఆవిడ టెట్సుకో కురొయనాగి రాసిన 'తొత్తో చాన్' తెలుగు అనువాదం, అందులో సందేహం ఏముంది, ప్రతి టీచరూ చదవాలి, కానీ అది ఒకటో తరగతి పాప బడి కథ, పద్నాలుగేళ్ళ పిల్లలు అందులో తమని చూసుకోరు. ఇక ముళ్ళపూడి 'బుడుగు' పిల్లాడి నోటితో పెద్దవాళ్ళ కోసం రాసింది, మనం నవ్వే చోట పిల్లలు నవ్వరు, కావాలంటే క్లాసులో చదివి చూడండి, రెండు జెళ్ళ సీత దగ్గరికి వచ్చేసరికి మనమొక్కళ్ళమే నవ్వుతూ ఉంటాం.

యంగ్ అడల్ట్ అనే పేరుతో తెలుగులో పుస్తకాలు వేసేవాళ్ళు చాలా తక్కువ, అది అతని తప్పు కాదు. కానీ వెతికితే పనికొచ్చేవి ఉన్నాయి, వెతికి పెట్టడానికే కదా మనం ఫీజు కట్టేది. నేను పై తరగతుల్లో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదువుతాను. నెల్లూరు జిల్లాలో పెరిగిన ఒక ముస్లిం కుర్రాడి ఇల్లు, బడి, పండగలు, చేతిలో డబ్బులేని రోజులు. అలాగే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె కథలు. రెండూ టీనేజర్ల కోసమని రాసినవి కావు, కానీ చెప్పేది కుర్రాడు, భాష మన పిల్లల ఇళ్ళలో వినపడేదే. వాటిని పిల్లల చేత చదివించను, నేనే చదివి వినిపిస్తాను, పుస్తకం ఫొటోకాపీ వాళ్ళ ముందు ఉంటుంది, కళ్ళతో వెంటబడతారు. అప్పుడు కథ వాళ్ళ వయసుది, అక్షరాల బరువు నాది. పదమూడేళ్ళ వాళ్ళు కథ చదివించుకోవడం ఇష్టం లేనట్టు నటిస్తారు గానీ, మధ్యలో ఆపేసి చూడండి, ఎవడు ముందు గోల పెడతాడో.

ఇబ్బందులు లేవని కాదు. ఆ కథల్లో కొన్ని చోట్ల బూతు మాటలుంటాయి, క్లాసుకి ముందు కూర్చుని ఏ కథ తీసుకోవాలో ఎంచుకోవాలి. కులం వస్తుంది, పేదరికం వస్తుంది, పిల్లలు సూటిగా అడుగుతారు. ఒక పేరెంట్ అయితే ఇది పల్లెటూరి భాష, ఇది నేర్పించడానికా ఇక్కడికి పంపుతున్నది అని మొహం మీదే అడిగాడు, ఆయన మాట్లాడేదీ అచ్చం అదే భాష. ఇలాంటప్పుడు టీచరు ఏం చెయ్యాలి, హెడ్మిస్ట్రెస్‌కి ముందే ఏం చెప్పి పెట్టుకోవాలి, ఏ కథ ఏ తరగతికి, ప్రేమ గురించి ఉంటే ఎంతవరకు, పై తరగతుల్లో సాహిత్యం చెప్పడమంటే ఇవే కదా నిజమైన ప్రశ్నలు. ఇవి అడిగితే "అది స్కూలు సంస్కృతిని బట్టి ఉంటుంది" అని తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఏటా ఇస్తోంది, తెలుగుకీ ఇస్తోంది, ఆ జాబితా ఒకటి ప్రింటు తీసి, ఇందులో పై తరగతులకి పనికొచ్చేవి ఏవి, రానివి ఏవి అని మాతోనే చర్చ పెట్టినా మధ్యాహ్నమంతా బ్రహ్మాండంగా గడిచేది.

చివర్లో జట్లుగా కూర్చోబెట్టి చార్టుల మీద రంగు స్కెచ్చులతో ఏదో రాయించారు. దాని గురించి రాయడానికేమీ లేదు.

పుస్తకాల పెట్టె గురించి కూడా చెప్పాలి, వర్క్‌షాపుకి వెళ్ళినవాళ్ళకి అద్దెకిస్తారు. నెలకి ఆరొందలు, పాతిక పుస్తకాలు, రెండు వేలు డిపాజిట్. తూలికవి, ప్రథమ్‌వి, సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయంవి కలిపి పెడతారు. ఎంపిక చాలా బాగుంది, ఎవరో కూర్చుని చదివి ఏరారని తెలుస్తుంది, అది ఆ టీచరమ్మే అయ్యుండాలి. ఇక్కడ తెలుగు పిల్లల పుస్తకాలు ఒక్కచోట దొరకవు, కాబట్టి ఆరొందలు నాకు ఎక్కువనిపించలేదు. కానీ నాకొచ్చిన పెట్టెలో మూడు పుస్తకాలకి పేజీలు ఊడిపోయి ఉన్నాయి, ఫోన్ చేస్తే మార్చి ఇస్తామన్నారు, మార్చడానికి నేనే వడపళని వెళ్ళాలట. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) నుంచి వడపళనికి, ట్రాఫిక్‌లో, మూడు పుస్తకాల కోసం. టేపు వేసుకుని వాడుకుంటున్నాను. తీసుకునే ముందు పెట్టె అక్కడే తెరిచి ప్రతి పుస్తకమూ తిప్పి చూసుకోండి, ఊడినవి ముందే రాయించుకోండి, లేదంటే డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

మార్కుల సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఇలాంటి పీరియడ్‌కి మార్కులెలా వెయ్యాలని. పిల్లలు చెప్పింది నేను రాసిన చార్టులు, వాళ్ళు గీసిన బొమ్మలు, ఫోన్లో రికార్డు చేసిన చదువు, ఇవన్నీ పోర్ట్‌ఫోలియో కింద పెట్టేస్తున్నాను, మా స్కూలు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. వర్క్‌షాపులో దీని గురించి పది నిమిషాలే మాట్లాడారు.

తర్వాతి బ్యాచి క్వార్టర్లీ పరీక్షలయ్యాక పెడతామంటున్నారు. ఒక్క రోజుకే వస్తామంటే రెండు వేలకి ఒప్పుకుంటారు, బోర్డు మీద రాయరు గానీ అడిగితే ఇస్తారు. రెండో రోజు కూడా వెళ్ళేవాళ్ళు మీ దగ్గరున్న తెలుగు పుస్తకాలు నాలుగు సంచిలో వేసుకుని వెళ్ళండి, మధ్యాహ్నం భోజనాల దగ్గర టీచర్లు ఒకళ్ళ పుస్తకాలు ఒకళ్ళకి చూపించుకున్న ఆ ముప్పావుగంటే ఆ రోజంతటికీ కాస్త లాభం. సర్టిఫికెట్ అక్కర్లేనివాళ్ళు భోజనం అవగానే బయల్దేరిపోవచ్చు, కావాలంటే మాత్రం చార్టులు గోడకి అంటించేదాకా, అంటే ఐదింటిదాకా, కూర్చోవాల్సిందే.